మలుపు చివర ఆ అర సెకను: టర్బోనా, సూపర్‌చార్జరా?

మూడో గేర్‌లో పొడవాటి మలుపు తిరుగుతున్నారనుకోండి. ఇంజిన్ 2,500 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర నడుస్తోంది. స్టీరింగ్ మెల్లగా వదులుతుంటే ఎదురుగా రోడ్డు తిన్నగా కనిపించింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కారు. కారు ఎప్పుడు ముందుకు దూకుతుంది? తొక్కిన మరుక్షణమేనా, కాస్త ఆగి ఊపిరి పీల్చుకున్నాకా? స్పోర్ట్స్ కారుకు టర్బో మంచిదా, సూపర్‌చార్జర్ మంచిదా అని అడిగేవాళ్లను నేను ముందుగా అడిగేది ఇదే. చాలామంది మాత్రం హార్స్‌పవర్ ఎంత పెరుగుతుందన్న దగ్గర మొదలుపెడతారు. లెక్క అక్కడే తప్పుతుంది.

రెండూ చేసే పని ఒక్కటే, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపడం. కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎక్కువ పంపడం పెద్ద పని కాదు, దానికి తగ్గ గాలి అందించడమే కష్టం. మామూలు ఇంజిన్ వాతావరణ పీడనం మీదే ఆధారపడుతుంది, అంటే సుమారు 1 బార్. దానికి ఇంకో 0.5 బార్ బూస్ట్ కలిపితే, అదే సిలిండర్‌లో లెక్క ప్రకారం ఒకటిన్నర రెట్ల గాలి పట్టాలి. కానీ ఒత్తిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కితే పలచబడుతుంది. అందుకే నిజంగా అంత దక్కదు. మధ్యలో ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ పెట్టేది పోయినదాంట్లో కొంతైనా రాబట్టుకోవడానికే.

తేడా అంతా గాలిని ఒత్తే ఆ కంప్రెసర్‌ను తిప్పేది ఏమిటన్న దాంట్లో ఉంది. సూపర్‌చార్జర్‌ను ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ బెల్టుతో తిప్పుతుంది. ఇంజిన్ తిరిగినంతసేపూ అదీ తిరుగుతుంది, ఇంజిన్ వేగం పెరిగితే దాని వేగమూ పెరుగుతుంది. టర్బోను తిప్పేది ఎగ్జాస్ట్ నుంచి వెళ్లిపోయే పొగ. వేడివేడి పొగ టర్బైన్ రెక్కలను తిప్పితే, అదే షాఫ్ట్ రెండో చివర ఉన్న కంప్రెసర్ గాలిని లాగి ఇంజిన్‌కు తోస్తుంది. చిన్న టర్బోల షాఫ్ట్ నిమిషానికి 2 లక్షల చుట్లు దాటి కూడా తిరుగుతుంది. పెట్రోలులోని శక్తిలో సుమారు మూడో వంతు పొగతోపాటే బయటికి పోతుంది కాబట్టి, అందులో కొంత పట్టుకుని పని చేయించుకోవడం నిజంగా తెలివైన ఆలోచన. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఆల్ఫ్రెడ్ బూచి 1905లోనే దీనికి పేటెంట్ తీసుకున్నాడు.

టర్బో శక్తి ఉచితమని చాలామంది అంటుంటారు. పూర్తిగా నిజం కాదు. పొగ దారిలో టర్బైన్ అడ్డం ఉంటుంది కనుక దాన్ని బయటికి నెట్టడానికి పిస్టన్లు ఇంకాస్త కష్టపడాలి. అయినా సూపర్‌చార్జర్ తినే దానితో పోలిస్తే అది తక్కువే. డాడ్జ్ హెల్‌క్యాట్‌లోని 6.2 లీటర్ల వీ8 ఇంజిన్ 707 హార్స్‌పవర్ ఇస్తుంది. పూర్తి వేగంలో దాని సూపర్‌చార్జర్‌ను తిప్పడానికే సుమారు 80 హార్స్‌పవర్ ఖర్చవుతుంది. ఒక చిన్న కారు ఇంజిన్ మొత్తం శక్తి అది. బెల్టు తిప్పడానికే పోతోంది.

మరి అంత ఖర్చు పెట్టి ఏం కొనుక్కుంటున్నాం? తొక్కాక ఆగాల్సిన ఆ అర సెకనును.

దీన్ని కాస్త విడమరిచి చెప్పాలి, ఎందుకంటే టర్బో ల్యాగ్ (తొక్కాక బూస్ట్ అందడంలో ఆలస్యం) అనే మాట కింద జనం రెండు వేరు వేరు సమస్యలను కలిపేస్తుంటారు. మొదటిది, ఇంజిన్ ఒక వేగం అందుకునేదాకా పొగ సరిపోదు, బూస్ట్ రాదు. 1,800 ఆర్‌పీఎం దగ్గర ఎంతసేపు తొక్కిపట్టినా పెద్ద టర్బో స్పందించదు. గేరు తగ్గిస్తే ఈ బాధ తీరిపోతుంది. రెండోది అసలైన ల్యాగ్. ఇంజిన్ 3,500 దగ్గరుంది, పొగ కావలసినంత ఉంది. కానీ మీరు ఇప్పటిదాకా కాలు తీసి ఉన్నారు కాబట్టి టర్బైన్ మెల్లగా తిరుగుతోంది. తొక్కిన తర్వాత అది వేగం అందుకునేదాకా ఆగాల్సిందే. తిన్నని రోడ్డు మీద ఇది పెద్దగా తెలియదు. మలుపుల రోడ్డు మీద ప్రతిసారీ తెలుస్తుంది, ఎందుకంటే అక్కడ కాలు తీయడం, మళ్లీ తొక్కడం తప్ప వేరే పని ఉండదు. ఆలస్యమైన ఆ బూస్ట్ ఎప్పుడు వస్తుంది? టైర్లు పక్కకు జారకుండా పట్టుకోవడంలోనే తమ బలమంతా వాడుతున్న సమయంలో. ఆలస్యంగా, ఒక్కసారిగా వచ్చి పడిన టార్క్ (చక్రాలను తిప్పే బలం) వెనక చక్రాలకు ఏం చేస్తుందో మొదటి తరం పోర్షె 911 టర్బో నడిపినవాళ్లకు బాగా తెలుసు. 1975లో వచ్చిన ఆ కారులో 3 లీటర్ల ఇంజిన్, ఒకే ఒక్క పెద్ద టర్బో, 260 హార్స్‌పవర్. బరువేమో వెనక భాగంలో. మలుపు మధ్యలో బూస్ట్ అందుకుంటే కారు వెనక భాగం తిరిగిపోయేది. భయపడి కాలు తీస్తే ఇంకా ఎక్కువ తిరిగేది.

రేసుల్లో కూడా ఇదే గొడవ. రెనో 1977లో సిల్వర్‌స్టోన్‌లో మొదటిసారి టర్బో కారును ఫార్ములా వన్‌లోకి దింపితే, ఇంజిన్ పొగలు కక్కుతూ ఆగిపోవడం చూసి దానికి పసుపు టీపాట్ అని పేరు పెట్టారు. 1979లో ఒక పెద్ద టర్బో తీసేసి రెండు చిన్నవి పెట్టారు. చిన్న టర్బైన్ తేలిక, త్వరగా వేగం అందుకుంటుంది. ఆ ఏడాదే దిజోన్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాండ్ ప్రీలో తొలి గెలుపు దక్కింది. టర్బోల చరిత్ర అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ ఆలస్యాన్ని తగ్గించే చరిత్రే.

సూపర్‌చార్జర్ వైపు ఈ బాధ లేదు. రూట్స్ రకమైతే ఇంజిన్ ఐడిల్ దాటగానే గాలి తోయడం మొదలవుతుంది. అమెరికాలో రూట్స్ సోదరులు 1860లో పేటెంట్ తీసుకున్న గాలి పంపు అది, కార్లు పుట్టకముందే కొలుముల్లో గాలి ఊదింది. ట్విన్ స్క్రూ రకం అంతకంటే తక్కువ వేడి పుట్టిస్తుంది. మూడోది సెంట్రిఫ్యూగల్. దీని దగ్గర కొనేవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. బెల్టుతో తిరిగినా దీని లోపల ఉండేది టర్బోలోని కంప్రెసర్ లాంటిదే, బూస్ట్ వేగంతోపాటు మెల్లగా పెరిగి చివర్లో గాని పూర్తిగా రాదు. కింది ఆర్‌పీఎంలో పికప్ కోసం సూపర్‌చార్జర్ కొంటున్నాననుకుని సెంట్రిఫ్యూగల్ కిట్ తెచ్చుకుంటే నిరాశే మిగులుతుంది. ఇంజిన్ గదిలో సులువుగా ఇమిడిపోతుందని, ఇంటర్‌కూలర్ పెట్టడం తేలికని చాలామంది దాన్నే ఎంచుకుంటారు. రేస్‌ట్రాక్ మీద ఎప్పుడూ 5,000 పైనే తిరిగే ఇంజిన్‌కు అది బాగానే సరిపోతుంది. రోడ్డుకు కాదు.

సూపర్‌చార్జర్‌కూ ఒక గట్టి లోపం ఉంది, వేడి. వీ ఆకారపు ఇంజిన్లలో చాలాసార్లు దాన్ని రెండు సిలిండర్ వరసల మధ్య, సరిగ్గా ఇంజిన్ నెత్తిన కూర్చోబెడతారు. కింద ఇంజిన్ కాగుతుంటే పైన అదీ కాగుతుంది. మూడు నాలుగు ల్యాపులు గట్టిగా తిప్పి బానెట్ తెరిస్తే దాని కేసింగ్ మీద చెయ్యి పెట్టలేరు. లోపలికి వెళ్లే గాలి వేడెక్కగానే నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి ముందే పేలడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, నిప్పురవ్వ వేసే సమయాన్ని వెనక్కి జరుపుతుంది. మొదటి ల్యాప్‌లో ఉన్న శక్తి అయిదో ల్యాప్‌లో ఉండదు. టర్బోకు వేడి తక్కువని కాదు. ఎగ్జాస్ట్ పొగ 1,000 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్తుంది. చీకట్లో కారు శక్తిని కొలిచే యంత్రం డైనో మీద ఎక్కించి తొక్కితే టర్బైన్ కేసింగ్ ఎర్రగా, కొలిమిలో ఇనుములా మెరుస్తుంది. కానీ ఆ వేడి ఎక్కువగా ఎగ్జాస్ట్ వైపు ఉండిపోతుంది, గాలిని మాత్రం ముందు బంపర్ వెనకున్న పెద్ద ఇంటర్‌కూలర్ దాకా తీసుకెళ్లి చల్లబరచవచ్చు.

ఎత్తైన ప్రాంతాల్లో అయితే పోటీయే లేదు. గాలి పలచబడ్డకొద్దీ టర్బైన్ ఇంకా వేగంగా తిరిగి లోటు పూడుస్తుంది, బెల్టుతో తిరిగేదానికి ఆ వెసులుబాటు లేదు. 1918లో సాన్‌ఫోర్డ్ మాస్ అనే ఇంజినీర్ అమెరికాలోని పైక్స్ పీక్ మీద, 14,000 అడుగుల ఎత్తున, లిబర్టీ విమాన ఇంజిన్‌కు టర్బో బిగించి చూపించాడు. నేల మట్టంలో 350 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ 356 ఇచ్చింది.

కంపెనీలు ఎటు వెళ్లాయో చూస్తే తీర్పు ఇచ్చేసినట్టే ఉంటుంది. 1921లో మొదటిసారి అమ్మకానికి సూపర్‌చార్జర్ కార్లు తెచ్చిన మెర్సిడెస్, దశాబ్దాల తర్వాత సూపర్‌చార్జర్ కార్లకు పెట్టే కంప్రెసర్ అనే బ్యాడ్జి పీకేసి టర్బోలకు మారింది. జంట సూపర్‌చార్జర్లతో పేరు తెచ్చుకున్న కోనిగ్‌సెగ్ 2010లో అగేరాతో జంట టర్బోలకు వెళ్లింది. కార్వెట్ జెడ్‌ఆర్1 2019 మోడల్‌లో సూపర్‌చార్జర్‌తో 755 హార్స్‌పవర్ ఇస్తే, దాని తర్వాతి తరం 5.5 లీటర్ల ఇంజిన్‌కు రెండు టర్బోలు పెట్టుకుని 1,064 ఇస్తోంది. పొగ నిబంధనలు, మైలేజీ లెక్కలు, శక్తి, మూడూ టర్బో వైపే ఉన్నాయి. ఫ్యాక్టరీ నుంచి కొత్త కారు కొనేవాళ్లు టర్బో అని వెనకాడాల్సిన రోజులు పోయాయని నేను ఒప్పుకుంటాను.

అయితే ఆ కంపెనీలు ఆ స్థాయికి ఎలా చేరాయో కూడా చూడాలి. ఫెరారీ 2015లో 488 జీటీబీ తెచ్చినప్పుడు, టర్బో ఇంజిన్ టార్క్‌ను కింది గేర్లలో కావాలనే తగ్గించి పెట్టింది. 760 న్యూటన్ మీటర్లు పూర్తిగా దొరికేది ఏడో గేర్‌లోనే. ఇంజిన్ తిరిగినకొద్దీ శక్తి క్రమంగా పెరుగుతున్న అనుభూతి డ్రైవర్‌కు దక్కాలని అలా చేశారు. పోర్షె 2024లో 911 జీటీఎస్‌కు పెట్టిన టర్బోలో, టర్బైన్‌కు కంప్రెసర్‌కు మధ్యే ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉంది. పొగ అందేదాకా ఆగకుండా అదే షాఫ్ట్‌ను తిప్పేస్తుంది. ఇంత పని, ఇంత ఖర్చు, సూపర్‌చార్జర్ ఒక బెల్టుతో ఇచ్చే స్పందనను అందుకోవడానికే.

మనం బయట కొని బిగించుకునే కిట్‌లో ఇవేవీ రావు. అక్కడ దొరికేది ఒక టర్బో, ఒక మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్, పైపులు, ఒక ట్యూనింగ్ ఫైలు. పాత ఎగ్జాస్ట్ విప్పాలి, టర్బోకు నూనె లైను లాగాలి, చుట్టుపక్కల వైర్లు కాలకుండా హీట్ షీల్డులు కట్టాలి. టర్బో లేకుండా తయారైన, మలుపుల కోసం పుట్టిన తేలికపాటి కారును ఇలా మార్చాలనుకునేవాళ్లకు నా సలహా సూపర్‌చార్జరే. రూట్స్ గాని, ట్విన్ స్క్రూ గాని తీసుకోండి, బూస్ట్ 0.4, 0.5 బార్ దాటించకండి. ఆ ఇంజిన్ కంప్రెషన్ రేషియో (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు కుదిస్తుందన్న లెక్క) బూస్ట్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది కాదు, దానికి మించితే పిస్టన్లు నాకింగ్‌కు బలవుతాయి. డ్రాగ్ రేసు మీ సరదా అయితే, 600 హార్స్‌పవర్ కావాలనుకుంటే టర్బో తప్ప దారి లేదు. కానీ అప్పుడు పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు, క్లచ్, గేర్‌బాక్స్ అన్నీ మార్చుకోవడానికి సిద్ధపడే దిగండి. ఏది బిగించినా ముందు బ్రేకులు చూసుకోండి.

ఈ రెండింటినీ దాదాపు పక్కపక్కన పెట్టి చూసే అవకాశం లోటస్ 2021లో బయటపెట్టిన ఎమిరాలో ఉంది. అదే బాడీలో ఒకటి టొయోటా 3.5 లీటర్ల వీ6 ఇంజిన్, సూపర్‌చార్జర్‌తో, కావాలంటే మాన్యువల్ గేర్‌బాక్స్‌తో. రెండోది మెర్సిడెస్ స్పోర్ట్స్ విభాగమైన ఏఎంజీ 2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌తో. ఏఎంజీది కొత్త ఇంజిన్, చిన్నది, లీటరుకు ఇచ్చే శక్తిలో వీ6ను చాలా వెనక్కి నెట్టేస్తుంది. నేనైతే వీ6 తీసుకుంటాను. మూడో గేర్, 2,500 ఆర్‌పీఎం, ఎదురుగా తిన్నగా అవుతున్న రోడ్డు. తొక్కగానే కదులుతుంది.