ఫోన్ ఎత్తలేనివాళ్లకు ఉద్యోగమెందుకని అడిగేవాళ్లకు

గుంటూరు, విజయవాడ వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అన్న సామెతతో మొదలుపెట్టి, వినపడనివాళ్లను పనిలో పెట్టుకోవద్దని హితవు చెబుతుంది. వాళ్లు ఫోన్ ఎత్తలేరట. చెవి మిషన్ పెట్టుకుంటే అందరిలాగే వింటారు కాబట్టి ప్రత్యేక ఏర్పాట్లు అడగడం నటనట. యంత్రాల దగ్గరా రోడ్డు మీదా ప్రమాదమట. పింఛను ఎలాగూ వస్తోందట. మరీ జాలేస్తే ప్యాకింగులో పెట్టుకోండి, అంతకుమించి వద్దు అని ముగింపు.

నాకు రెండు చెవులా వినికిడి తక్కువ. గుంటూరులో ఒక మిర్చి కమిషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. కాబట్టి జవాబు చెప్పే అర్హత కాస్త ఉందనుకుంటాను.

ముందు ఫోన్ సంగతి. నా పని రైతుకు పట్టీ రాయడం. ఎన్ని బస్తాలు, కాటా ఎంత, రేటెంత, హమాలీ ఖర్చెంత, ముందే తీసుకున్న అడ్వాన్సు ఎంత. ఇందులో ఫోన్‌తో అయ్యే పనేముంది? రేట్లు వాట్సాప్‌లో వస్తాయి, బ్యాంకు సంగతులు మెసేజ్‌లో వస్తాయి. ఎప్పుడో మోగే ఫోను పక్క సీట్లో గుమాస్తా గారు ఎత్తుతారు, ఆయనకు చేతకాని ట్యాలీ (కంప్యూటర్‌లో లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఎంట్రీలు నేను చేస్తాను. ఇద్దరికీ ఇబ్బంది లేదు. అసలు ఇబ్బంది ఇంటర్వ్యూల్లోనే ఉంది. విజయవాడలో ఒకచోట నా చెవి మిషన్ చూడగానే యజమాని, "అమ్మాయ్, ఆ పక్క గదిలోకి వెళ్లి నిలబడు, నేను పిలుస్తా, పలుకుతావో లేదో చూద్దాం" అన్నారు. ట్యాలీ వచ్చా అని మాత్రం అడగలేదు.

పూర్తిగా వినపడనివాళ్లు కూడా ఫోన్ వాడుతున్నారు. 2016 తర్వాత డేటా చవకయ్యాక వీడియో కాల్‌లో సైగల భాషలో గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు. బస్సులో పక్కన కూర్చుంటే చూడొచ్చు.

ఇక మిషన్ విషయం. ఇక్కడ కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే మంచివాళ్లు కూడా ఇదే పొరపాటు పడతారు. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరం స్పష్టంగా కనిపిస్తుంది. చెవి మిషన్ అలా కాదు. అది అన్ని శబ్దాలనూ పెంచుతుంది. ఎదుటివాళ్ల మాటతో పాటు ఫ్యాను రొద, లారీ హారను, పక్క కొట్టులో గొడవ, అన్నీ కలిసి చెవిలో పడతాయి. లోపలి చెవి దెబ్బతిన్నవాళ్లకు శబ్దం పెద్దగా వినిపించినా అది ఏ మాటో తేలదు. అందుకే పెదాలు చూస్తాం. అదీ సగం ఊహే. ప, బ, మ పలికేటప్పుడు పెదాలు ఒకేలా కలుస్తాయి. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా "పాట, బాట, మాట" అని చూడండి, మూడింటికీ తేడా దొరకదు. దానికి తోడు నోట్లో కిళ్లీ ఉన్న మనిషైతే ఇక దేవుడే దిక్కు.

మిర్చి యార్డులో నాకు పెద్ద టెన్షన్ అరవై, ఇరవై అనే అంకెలు. రొదలో రెండూ ఒకటే. పొరబడితే నలభై బస్తాల తేడా. దానికి నేను అడిగిన ప్రత్యేక ఏర్పాటు ఏమిటో తెలుసా? అంకె నోటితో చెప్పకండి, చీటీ మీద రాయండి అన్నాను. ఇప్పుడు మా కొట్టులో అందరూ రాసే ఇస్తున్నారు, చెవులు బాగున్నవాళ్ల తప్పులు కూడా తగ్గాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇలాంటి తగిన ఏర్పాట్ల గురించే మాట్లాడుతుంది. యజమాని మీద మోయలేని భారం వేయమని అనదు. ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం రాసి పెట్టుకోవాలని అదే చట్టం చెబుతుంది. ఆ కాగితం ఎంతమంది దగ్గర ఉందో అడిగితే బాగుండదు.

ప్రమాదం మాటకొస్తే, పత్తి జిన్నింగు మిల్లులో యంత్రాలన్నీ తిరుగుతుంటే ఎవరికి ఎవరి కేక వినపడుతుంది? అక్కడ అందరూ చేతి సైగలే చేస్తారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని లక్షల బేరాలు చేసిన జాతి మనది. హెచ్చరిక గంటతో పాటు ఒక లైటు వెలిగేలా పెడితే సరిపోయే చోట మనిషినే వద్దంటారు. దీనికి పూర్తి విరుద్ధంగా ఇంకొందరు, "ఎలాగూ వినపడదుగా" అని బాగా రొద చేసే యంత్రం దగ్గరే నిలబెడతారు. ఇది మరీ అన్యాయం. కాస్తో కూస్తో వినపడేవాళ్లకు మిగిలిన ఆ కాస్తా అక్కడ పోతుంది. రోడ్డు మీద భయం సంగతి 2011లోనే ఢిల్లీ హైకోర్టు తేల్చింది: డ్రైవింగ్ పరీక్ష పాసైతే బధిరులకూ లైసెన్సు ఇవ్వొచ్చు. విజయవాడ బెంజి సర్కిల్లో హారను విని పక్కకు తప్పుకునేవాళ్లను మీరెప్పుడైనా చూశారా?

పింఛను: ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగులకు 2024 జూలై నుంచి నెలకు 6,000 రూపాయలు. గది అద్దె, కరెంటు బిల్లు కట్టాక మిగిలేదానితో ఎవరూ ఇల్లు నడపలేరు. ప్రభుత్వ ఉద్యోగాల్లో బధిరులకూ వినికిడి తక్కువవాళ్లకూ కలిపి దక్కే రిజర్వేషను 1 శాతం. మిగతావాళ్లు ప్రైవేటు గుమ్మం తొక్కాల్సిందే.

చివరిది ప్యాకింగు. దయగా కనిపిస్తుంది గానీ అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది ఇదే. 2023లో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సైగల భాష అనువాదకుడి సాయంతో సుప్రీంకోర్టులో వాదించారు. ఇక్కడ మాత్రం మనిషిని ఒకసారి బస్తాల దగ్గర కూర్చోబెడితే అక్కడే పాతికేళ్లు. మా కొట్టులో ఒక్కో రైతు సరుక్కి లాట్ నంబర్లు వేసే కుర్రాడికి అసలు వినపడదు. "నిన్న బ్యాంకు డబ్బు కట్టు" అని రాస్తాడు. కి, తో, లో పడవు. చిన్నప్పటి నుంచి చెవిన పడని తెలుగును అతను పుస్తకంలో చూసి నేర్చుకున్నాడు మరి. ఆ చీటీ చూసి అందరూ అతనికి తెలివి లేదనుకుంటారు. కానీ ఏ లాటు ఎవరిదో, ఎక్కడుందో, ఎంత సరుకు వెళ్లిందో రిజిస్టరు చూడకుండా చూపిస్తాడు. లెక్క తేడా వస్తే నేను వెళ్లేది అతని దగ్గరికే.

స్టాకు రిజిస్టరు అతనికి అప్పగించి, జీతం పెంచమని మా యజమానితో ఈ మధ్యే అన్నాను. "చూద్దాంలేమ్మా, ముందు సీజన్ అయిపోనీ" అన్నారు. సీజన్ అయ్యాక మళ్లీ అడుగుతాను.