ముందు ఇంటిపేరు, తర్వాతే పేరు

చెన్నైలో బడి దరఖాస్తు నింపిన ప్రతి తెలుగు కుటుంబానికీ తెలిసిన చిక్కే ఇది. పేరు ముందున్న పొడి అక్షరం చూసి ‘అప్పా (నాన్న) పేరా?’ అంటాడు గుమాస్తా. కాదు బాబూ, ఇంటిపేరు అంటే, అయితే చివర రాయమంటుంది ఆన్‌లైన్ ఫారం. ముందు ఇంటిపేరు, వెనక పేరు, రెండోసారి రాసేటప్పుడు ఇంటిపేరుకు పొడి అక్షరం. ఈ మర్యాద ఎవరూ చెప్పకుండానే వంటపట్టిన పరాయివాడు, మొక్కలకూ జంతువులకూ రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్. ఆయన్ను తక్షణం గౌరవ తెలుగువాడిగా ప్రకటించాలి.

ఆధారాలు గట్టివే. వంకాయ శాస్త్రీయ నామం సొలానమ్ మెలోంజెనా. సొలానమ్ ప్రజాతి, అంటే ఇంటిపేరు. మెలోంజెనా ఆ ఇంటి పిల్ల. రెండోసారి ఎస్. మెలోంజెనా అంటే చాలు, అచ్చం మన కె. సుబ్బారావు లాగే. అంతకుముందు మొక్క పేరంటే ఓ వాక్యం. టమాటా అంటే ‘ముళ్లులేని మెత్తని కాండం, ఈకల్లా చీలిన ఆకులు గల సొలానమ్’. కోయంబేడు కూరగాయల మార్కెట్లో ఆ పేరు చెప్పి కిలో తూచమనేసరికి బండి ఖాళీ అయిపోతుంది. ఇప్పుడు చెల్లే పేర్ల లెక్క పూలమొక్కలకు 1753 మే 1న, జంతువులకు 1758 జనవరి 1న మొదలు. 1757లో వచ్చిన ఓ సాలెపురుగుల పుస్తకానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు. సిఫారసు ఎక్కడైనా పనిచేస్తుంది.

పొడి అక్షరంతో మనకొచ్చే తంటాలే శాస్త్రవేత్తలకూ వచ్చాయి. మేడమీద ట్యాంకులో మలేరియా దోమ అనాఫిలిస్ స్టీఫెన్సీ, పక్క డ్రమ్ములో డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టై. లాటిన్ రాతలో రెండిళ్లకూ మొదటి అక్షరం ‘ఎ’నే. అందుకే దోమల పండితులు రెండేసి అక్షరాలు రాస్తారు. ఒకే వీధిలో ఇద్దరు కె. సుబ్బారావులుంటే పోస్ట్‌మాన్ ఎప్పుడో కనిపెట్టిన ఉపాయం.

ఇల్లు మారడం అసలు రామాయణం. టమాటాను 1753లో సొలానమ్ ఇంట్లోనే పెట్టారు. తర్వాత ఇంగ్లండ్ తోటమాలి ఫిలిప్ మిల్లర్ దాన్ని లైకోపెర్సికాన్ ఇంటికి పంపాడు. రెండు శతాబ్దాలు కాపురం చేశాక డీఎన్ఏ చూసి, ఇది వంకాయ, బంగాళాదుంపల తోబుట్టువేనని పుట్టింటికి తీసుకొచ్చారు.

నగరం పేరున్న మొక్క సంగతీ అంతే. ఇక్కడ దగ్గుకు అడై అనే అట్టులో వేసే ముసుముసుక్కై తీగ లిన్నేయస్ లెక్కలో కుకుమిస్ మదరాస్పటానస్. కీరదోస ఇంటిపేరు, మదరాసుపట్నం ఊరిపేరు. మధ్యలో ముకియా ఇంటికి పంపారు. లాటిన్ వ్యాకరణంలో ముకియా స్త్రీలింగం కనక పేరు మదరాస్పటానా అయింది. తిరిగి దోసకాయల ఇంటికి రాగానే మళ్లీ మదరాస్పటానస్. ఇన్ని మార్పుల్లోనూ మదరాసు చెక్కుచెదరలేదు. 1996లో ఊరు చెన్నై అయింది, తీగకు ఆ జీవో అందలేదు. ఊరు తప్పని పేరు మార్చే వీలు మొక్కల పేర్ల నియమావళిలో లేదు. ఆఫ్రికాలో పుట్టిన చింతచెట్టు అందుకే ఇప్పటికీ టామరిండస్ ఇండికా.

అందరికంటే అన్యాయం జరిగింది నల్ల తుమ్మకు. ఇంటిపేరు ఎవరిదో తేల్చేది టైపు, అంటే ఆ పేరు కట్టుబడి ఉండే నమూనా. అకేషియా అనే ఇంటిపేరుకు మొదట్లో టైపు మన తుమ్మే. అయితే ఆ పేరుతో ఆస్ట్రేలియాలో సుమారు వెయ్యి జాతులున్నాయి. ఇంటిని ముక్కలు చెయ్యక తప్పనప్పుడు, అంతమంది పేర్లు మార్చడం కన్నా ఇటువైపు కొద్దిమందివి మార్చడం తేలికన్నారు. 2005లో వియన్నాలో వృక్షశాస్త్రవేత్తల సభలో దీనికి సగం దాటి వ్యతిరేక ఓట్లు పడినా, 60 శాతం కావాలన్న నియమం దగ్గర అవి ఓడిపోయాయి. 2011లో మెల్‌బోర్న్‌లో తీర్పు ఖాయమైంది. వెరసి అకేషియా నిలోటికా వాచెలియా నిలోటికా అయింది. పట్టా మనది, ఇల్లు వాళ్లది. తుమ్మకు లాయరు లేడు.

ఈ నగరంలో ఫారం తప్పులేకుండా నింపగలిగేది ఎవరంటే, గిండీ పార్కులోని చుక్కల జింక. 1777లో దాని పేరు ఆక్సిస్, ఇంటిపేరు సెర్వస్. తర్వాత వేరుకాపురం పెట్టించి, దాని పేరునే ఇంటికి పెట్టారు. మొక్కల నియమావళిలో అలా కుదరదు, జంతువులకు మాత్రం ఆ వెసులుబాటు ఉంది. కనక ఫస్ట్ నేమ్ ఆక్సిస్, లాస్ట్ నేమ్ ఆక్సిస్. అటు తిప్పి రాసినా గుమాస్తా ఏమీ అనలేడు, అప్పా పేరు అడిగితే తప్ప.