పట్టుగుడ్డ వెనక ఫైలు

అంశం: పరాయి దేశాల్లో ఒక దేశానికి పేరు తెచ్చేది ప్రభుత్వమా, ప్రభుత్వంతో సంబంధం లేని మనుషులా? వాదిస్తున్నది ఒక రిటైర్డ్ దౌత్యాధికారి, ఒక విలేకరి.

విలేకరి: 1971 ఏప్రిల్, జపాన్‌లోని నగోయా. ప్రపంచ టేబుల్ టెన్నిస్ పోటీలు. గ్లెన్ కోవన్ అనే జులపాల అమెరికన్ కుర్రాడు చైనా జట్టు బస్సెక్కేశాడు. రెండు దేశాలకూ దౌత్య సంబంధాల్లేని రోజులు. బస్సులో ఎవరూ పలకరించరు. చివరికి జువాంగ్ జెడాంగ్ అనే చైనా చాంపియన్ లేచొచ్చి, హువాంగ్‌షాన్ కొండల బొమ్మున్న పట్టుగుడ్డ అతని చేతిలో పెట్టాడు. దిగేసరికి కెమెరాలు! ఏ రాయబారి చేశారు సార్ ఈ పని?

అధికారి: కథ అక్కడ ఆపేస్తే ఎలాగమ్మా? అమెరికా జట్టును చైనాకు పిలవమన్నది మావో. ఆయన వద్దనుంటే ఆ గుడ్డ కోవన్ బీరువాలో మడతపడి ఉండేది. అమెరికా అధ్యక్షుడు నిక్సన్ 1972లో బీజింగ్ వెళ్లేవాడా?

విలేకరి: పిలవడానికి సాకు దొరికింది ఆ గుడ్డ వల్లే కదా.

అధికారి: సాకులు రోజూ దొరుకుతాయి. 1956లో డిజ్జీ గిలెస్పీ జాజ్ బృందాన్ని విదేశాలకు పంపింది అమెరికా విదేశాంగ శాఖే. ఇలాంటివాటి వెనక చాలాసార్లు ఒక ఫైలుంటుంది. నేనూ కదిపినవాణ్ణే.

విలేకరి: ఫైలుందని తెలిస్తే ఏమవుతుందో కూడా చెప్పండి మరి! కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే రచయితలు, మేధావుల సంస్థకు డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సీఐఏదని 1967లో బయటపడ్డాక, అందులో నిజాయతీగా రాసినవాళ్లనూ జనం అనుమానంగానే చూశారు. అదే జాజ్ సంగీతకారుడు లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చూడండి. 1957లో అమెరికాలోని లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది నల్లజాతి పిల్లల్ని బడిలోకి రానివ్వకుండా గవర్నరు సైనికుల్ని నిలబెట్టాడు. ప్రెసిడెంటుకు దమ్ములేదని ఆర్మ్‌స్ట్రాంగ్ ఒక కుర్ర విలేకరితో అనేశాడు. సర్కారు తరఫున సోవియట్ యూనియన్ వెళ్లనన్నాడు.

అధికారి: ఇంకేం, అవతలివాళ్ల పత్రికలకు పండగే!

విలేకరి: ఆ బడి ముందు ఫొటోలు అప్పటికే లోకమంతా చూసింది సార్. పరువు తీసింది అవి. తర్వాత 1960లో అదే విదేశాంగ శాఖ అండతో ఆర్మ్‌స్ట్రాంగ్ ఆఫ్రికా వెళ్తే, కాంగోలోని లియోపోల్డ్‌విల్‌లో జనం కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్లారు. సొంత సర్కారును తిట్టినవాడు తన దేశం గురించి ఒక మంచిమాట చెబితే, నన్నడిగితే, నేను నమ్ముతాను. మీ శాఖ కరపత్రాన్ని నమ్మను.

అధికారి: నేనూ నమ్మనులే. కానీ ‘ఈయన మనల్నే తిడతాడు, అందుకే పంపుదాం’ అని నోట్ రాస్తే సంతకం పెట్టే పై అధికారి ఉండాలి కదమ్మా. నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు.