తాగి తోలేవాడికీ తాతయ్యకీ ఒకటే ప్రీమియం

దేశంలో సమానత్వం ఎక్కడుందని అడిగేవాళ్లు ఒకసారి కారు ఇన్సూరెన్స్ కాగితం తీసి చదవాలి. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం థర్డ్ పార్టీ (మనం గుద్దితే ఎదుటివాడి నష్టానికి) ప్రీమియం 1000 సీసీ దాకా ఏడాదికి 2,094 రూపాయలు, 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897. జీఎస్టీ అదనం. ఇందులో ఇంజిన్‌కి గడి ఉంది, నడిపేవాడి తలకాయకి లేదు. నలభై దాటకుండా గుడికెళ్లొచ్చే రిటైర్డ్ మాస్టారూ, 120 హద్దున్న హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 160 కొట్టే కుర్రాడూ ఒకే కారు కొంటే ఒకే సొమ్ము కడతారు. కులం, మతం, బ్రెత్ ఎనలైజర్ రీడింగు, వేటినీ చూడని ఏకైక వ్యవస్థ ఇదే.

అమెరికా వాళ్లకి ఇంత విశాల హృదయం లేదు. టెక్సాస్‌లో తాగి నడిపిన కేసులో శిక్ష పడితే, మన సుబ్బారావుగారబ్బాయైనా సరే, రెండేళ్లపాటు ఎస్ఆర్-22 ఉంచుకోవాలి. అది పాలసీ కాదు. ‘వీడికి పాలసీ ఉంది’ అని కంపెనీ రాష్ట్రానికి రాసిచ్చే పూచీ. వాయిదా తప్పి పాలసీ పోతే ఆ కంపెనీయే వెళ్లి చెప్పేస్తుంది, లైసెన్సు మళ్లీ ఊడుతుంది. అంత చాడీలు మనకి నప్పవు.

ఇక్కడా కొందరు ప్రయత్నించారు పాపం. 2017 ఆగస్టులో తెలంగాణ ట్రాఫిక్ తప్పులకి పాయింట్లు పెట్టింది: 24 నెలల్లో 12 వస్తే లైసెన్సు ఏడాది సస్పెండ్. మీ ఖాతాలో ఎన్నున్నాయో మీకు తెలుసా? 2021లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కమిటీ ‘ట్రాఫిక్ ఉల్లంఘన ప్రీమియం’ సిఫార్సు చేసింది, దానికి వేరే పాయింట్లు: తాగి నడిపితే 100 పాయింట్లు, రాంగ్ పార్కింగ్‌కి 10, ముందు ఢిల్లీలో ప్రయోగం. 2022లో నడిపే తీరు గమనించి ప్రీమియం వేసే ‘ఎలా నడిపితే అలా కట్టు’ యాడ్-ఆన్‌లకి (పాలసీకి అదనపు కవర్లకి) కూడా అనుమతి వచ్చింది. కావాలంటేనే తీసుకోవచ్చు. తన మీద తనే నిఘా పెట్టించుకునేది ఎవరంటారు? మాస్టారే.

అలాగని శిక్షే లేదనుకోకండి. ఉంది, జాగ్రత్తపరులకి. ఐదేళ్లు క్లెయిమ్ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ అనే తగ్గింపు 20, 25, 35, 45 మీదుగా 50 శాతానికి చేరుతుంది. మాస్టారి ఓన్ డ్యామేజ్ (సొంత కారు నష్టానికి) ప్రీమియం 10,000 అనుకుంటే ఆయన కట్టేది 5,000. ఒకరోజు సొంత గేటుకే బంపర్ తగిలింది. బంపర్ 4,000, బిగించిన కూలి 1,000. జీరో డెప్ (అరుగుదల కోత లేని కవర్) లేదు కాబట్టి ప్లాస్టిక్‌కి సగం కోత, ఆపైన మనమే భరించాల్సిన తప్పనిసరి మినహాయింపు 1,000. చేతికొచ్చేది 2,000. బోనస్ సున్నా అవుతుంది. వచ్చే ఐదు రెన్యూవల్స్‌కి 10,000, 8,000, 7,500, 6,500, 5,500. అంటే 12,500 ఎక్కువ కట్టి 2,000 గెలుచుకున్నారు.

కుర్రాడు ఎదుటివాడి కారు నుజ్జు చేస్తే ఆ నష్టం థర్డ్ పార్టీ ఖాతాలోకి పోతుంది. బోనస్ లెక్క ఓన్ డ్యామేజ్ ఖాతాది. తన కారు సొట్ట సొంత డబ్బుతో సరిచేయించుకుంటే అతని 50 శాతం చెక్కుచెదరదు. క్లెయిములు మరీ ఎక్కువైతే ఓన్ డ్యామేజ్ మీద లోడింగ్ (అదనపు ప్రీమియం) వేస్తారు, నిజమే. చలానాలు ఎన్ని ఉన్నా లెక్కలోకి రావు.

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మద్యం దాటితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారి 10,000 జరిమానా, లేదా ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. ఆ స్థితిలో గుద్దితే సొంత కారు క్లెయిమ్ చెల్లదు. గాయపడినవాడికి కంపెనీ చేత ఇప్పించి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెప్పిన సందర్భాలున్నాయి. గుద్దకుండా కేవలం దొరికితే? పాలసీకి ఆ సంగతే తెలియదు.

పాలసీ ముగిసి 90 రోజులు దాటితే మాత్రం బోనస్ మొత్తం పోతుంది. మతిమరుపు అంత ఘోర నేరం. బోనస్ లేకపోయినా ఉందని రాస్తే కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి పట్టుకుంటుంది.

ఇక పొదుపరులకి ఒక లెక్క. చిన్న కారు థర్డ్ పార్టీ 2,094. పాలసీ లేకుండా మొదటిసారి దొరికితే జరిమానా 2,000. జీఎస్టీ కలపకుండానే 94 రూపాయలు మిగులు. మూడు నెలల దాకా జైలు కూడా రాసి ఉంది, భోజనం వాళ్లదే. ఎవరినైనా గుద్దితే ట్రిబ్యునల్ వేసే లక్షల పరిహారం మాత్రం మీ ఆస్తి అమ్మైనా కట్టాలి. ఆ 94 జాగ్రత్తగా దాచుకోండి.