క్యాండిల్‌స్టిక్ చార్టు గారికి, కాశీబుగ్గ గుమాస్తా రాయునది

మహారాజశ్రీ క్యాండిల్‌స్టిక్ చార్టు గారి దివ్యసముఖమునకు,

ఉత్తరం రాస్తే ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మా ఇంటి ఆచారం. ఈసారి కుదరడం లేదు. షేర్ల ధరలకు కొవ్వొత్తుల్లాంటి గీతలతో పటం కట్టే మీ పక్క కుశలం రోజూ ఫోనులో కనిపిస్తూనే ఉంది. మిమ్మల్ని నమ్మి షేర్లు కొన్న నా పక్క 41 వేల రూపాయలు కనిపించడం లేదు.

నేను లెక్కలకు కొత్తవాణ్ణి కాను. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర 22 ఏళ్లుగా చిట్టా రాస్తున్నాను. పిక్కల బస్తా అంటే మాకు 80 కిలోలు. పొద్దున ఒక ధర దగ్గర బేరం మొదలవుతుంది, మధ్యాహ్నానికి ఎక్కుతుంది, మూడింటికి జారుతుంది, చివరికి ఎక్కడో ఒకచోట తెగుతుంది. అందుకే మిమ్మల్ని మొదటిసారి చూసినప్పుడు దూరపు చుట్టం ఎదురైనట్టు అనిపించింది. ఆ పూట మొదటి బేరానికీ ఆఖరి బేరానికీ మధ్య లావుపాటి ఒళ్లు. అంతకు పైకీ కిందికీ పోయివచ్చిన ధరలకు సన్నని వత్తి. మొదలుకన్నా ఆఖరు పైనుంటే పచ్చ, కిందుంటే ఎరుపు. నా చిట్టాలో నాలుగు వరుసలు పట్టే సంగతిని వేలెడంత గీతలో ఇమిడ్చినవాడికి దండం పెట్టాలనిపించింది.

ఆ దండం జపాను వైపు తిరిగి పెట్టాలట. 18వ శతాబ్దంలో సకాటా అనే ఊళ్లో బియ్యం వ్యాపారం చేసిన హొమ్మా మునెహిసా మీ వంశానికి మూలపురుషుడని చెబుతారు. ఆ కాలానికే ఒసాకాలోని దోజిమా సంతలో ఇంకా చేతికి రాని బియ్యం మీద కూడా బేరాలు నడిచేవి. మా తాతగారిదీ బియ్యం వ్యాపారమే. ఆయన గింజ కొరికి ధర చెప్పేవారు. హొమ్మా గారు ఏమి కొరికేవారో గాని, నేను మాత్రం ఫోను ముందు కూర్చుని గోళ్లు కొరుక్కున్నాను.

మీ భాష నేర్చుకోవడానికి విశాఖ వెళ్లి రెండు రోజుల శిక్షణ తీసుకున్నాను. భోజనం వాళ్లదే, బాగుంది. కంపెనీ ఏమి తయారు చేస్తుందో, అప్పులెన్నో చూడనక్కరలేదన్నారు. తెలియవలసినవన్నీ ధరలోకి వచ్చేసే ఉంటాయట. ధర ఒక దారి పట్టిందంటే ఊరికే మళ్లదట. 1889లో వాల్ స్ట్రీట్ జర్నల్ పెట్టినవారిలో ఒకరైన చార్లెస్ డౌ రాతల నుంచి వచ్చిన సిద్ధాంతమిది. పప్పు నోట్లో వేసుకోకుండా సంచి చూసి కొనమన్నట్టుంది. ఈ మాట మా షావుకారు గారి ముందు అంటే నన్ను చిట్టా దగ్గర నుంచి పొయ్యి దగ్గరికి పంపేవారు. అయినా బుద్ధిగా రాసుకున్నాను.

తరువాత సపోర్టు, రెసిస్టెన్సు. ధర పడుతూ వచ్చి రెండు మూడుసార్లు ఒకేచోట ఆగి లేచిందంటే అక్కడ కొనేవాళ్లు కాచుకుని ఉన్నారని అర్థం, అది సపోర్టు. ఎక్కుతూ పోయి ఒకేచోట తల కొట్టుకుని వెనక్కి వస్తుంటే రెసిస్టెన్సు. ఇందులో నాకు పేచీ లేదు. పిక్కల ధర ఒక అంకెకు దిగగానే మా ఊళ్లో కొట్లన్నీ ఒకేసారి సంచులు దులపడం నేను చూడనిది కాదు. నేను ఒక షేరుకు 212 రూపాయల దగ్గర గీత గీశాను. మూడుసార్లు అక్కడి నుంచి లేచింది కదా అని కొన్నాను. నాలుగోసారి ఆ గీతను తొక్కుకుంటూ 190కి పోయింది. గురువుగారికి ఫోను చేస్తే, "సపోర్టు విరిగింది కదండీ, ఇక అదే రెసిస్టెన్సు" అన్నారు. నేల కూలితే దానికి పైకప్పు అని పేరు మారుస్తారన్నమాట. 207 దగ్గర స్టాప్‌లాస్, అంటే ధర అంతకు దిగగానే అమ్మేయమని ముందే చెప్పి ఉంచే మాట, పెట్టుకుని ఉంటే షేరుకు అయిదు రూపాయలతో బయటపడేవాణ్ణని కూడా అన్నారు. అది నిజమే గనక దాని గురించి ఎక్కువ రాయను.

మీ బొమ్మల దగ్గరికి వద్దాం. చిన్న తల, కింద పొడుగాటి తోక. ధర పడుతూ వచ్చాక ఈ బొమ్మ కనిపిస్తే దీని పేరు సుత్తి, ఇక పైకే. ధర ఎక్కుతూ వచ్చాక ఇదే బొమ్మ కనిపిస్తే ఉరేసుకున్న మనిషి, ఇక కిందికే. గీతలో వెంట్రుకవాసి తేడా లేదు! మా కొట్లో పప్పు ఏరే ఆడవాళ్లు గుండును గుండులో, బద్దను బద్దలో వేస్తారు. నిన్నటి సంచి ఎలా ఉందో చూసి ఇవాళ్టి పప్పుకు పేరు పెట్టరు. అనుమానముంటే మర్నాటి క్యాండిల్ చూసి ఖాయం చేసుకోవాలట. మర్నాడు ఏమైందో చూశాక ఇక మీతో నాకు పనేమిటి?

మీ పరివారం కూడా తక్కువది కాదు. గడిచిన 200 రోజుల ముగింపు ధరలు కూడి 200తో భాగించే మూవింగ్ యావరేజి పెళ్లయిన వారానికి చేరే శుభలేఖ లాంటిది. ముహూర్తంతో సహా అన్నీ నిజాలే. 1978లో వైల్డర్ అనే ఇంజనీరు ఇచ్చిన ఆర్‌ఎస్‌ఐ 14 రోజుల పెరుగుదలనూ తరుగుదలనూ తూస్తుంది. 70 దాటితే అతిగా కొన్నారని, 30 దిగితే అతిగా అమ్మారని. నా షేరు 28కి వచ్చింది. ఇక అమ్మేవాళ్లు మిగలరనుకున్నాను. మిగిలారు. ఎక్కినదానిలో 61.8 శాతం జారాక ధర ఆగుతుందని ఇంకో లెక్క ఉంది. అది 1202లో కుందేళ్ల సంతానాన్ని లెక్కగట్టిన ఫిబొనాచీ అంకెల నుంచి తీసినదట. నా డబ్బుకు కుందేళ్లు హామీ.

అసలు మీ పేరే నాకు గుచ్చుకుంటుంది. మాకు కొవ్వొత్తి అంటే తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఆ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో జీడి చెట్లు, కొబ్బరి చెట్లు వేళ్లతో లేచి పడుకున్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. వీధి చివర దుకాణంలో మిగిలిన రెండు కొవ్వొత్తులు కొని, వాటి వెలుతురులో ఏ రైతుకు ఎంత అడ్వాన్సు ఇచ్చామో చిట్టా తిరగేశాను. వచ్చే వేసవికి ఎవరి తోట నుంచి పిక్కలు రావో ఒక్కో పేరు దగ్గరా తెలుస్తూ వచ్చింది. 10వ తేదీ సాయంత్రం దాకా పిక్కల ధరకు మీరు పటం గీసి ఉంటే ముచ్చటగానే ఉండేది. గాలి మాత్రం ఏ గీతలోనూ ఉండేది కాదు.

పోనీ తెలివితక్కువ నా ఒక్కడిదే అనుకుందామంటే, షేర్ల సంతను అదుపుచేసే సెబీ 2024లో లెక్క చెప్పింది. ముందు రోజుల ధర మీద ఇవాళే కట్టే బేరాలైన ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తులలో 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్లలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైగా. వీళ్లందరూ మిమ్మల్ని చూడకుండానే దిగారని అనుకోను. నేను షేర్లే కొన్నాను కనక ఆ లెక్కలో లేను.

ఇంతవరకు రాసి సంతకం పెట్టబోతుంటే షావుకారు గారు వచ్చి నా భుజం మీదుగా ఫోనులోకి తొంగిచూశారు. ఏమిటని అడిగారు. 212 గీత, అది విరిగిన చోటు, అన్నీ చూపించాను. చాలాసేపు చూశారు.

"ధర సరేనయ్యా, సరుకెంత చేతులు మారింది?"

అది వాల్యూమ్. కింద చిన్న చిన్న కర్రల్లా ఉంటుంది. స్క్రీను శుభ్రంగా ఉంటుందని మొదటి వారమే తీసేశాను. ఆయన ముందే మళ్లీ పెట్టాను. 212 విరిగిన రోజు కింద కర్ర మిగతా వాటికి మూడింతలు ఎత్తుంది. షావుకారు గారు జీడి మరకల వేలు దాని మీద ఆనించి, ఏమీ అనకుండా పప్పు ఆరబోసిన వైపు వెళ్లిపోయారు.

ఇట్లు,
22 ఏళ్ల అనుభవం గల గుమాస్తా