పాంక్రియాటైటిస్ అని తేలాక వెతకడం ఆపేస్తే ఎలా?

జీర్ణనాళం పొడవులో దాదాపు నాలుగింట మూడు వంతులు చిన్నపేగుదే. అయినా జీర్ణవ్యవస్థ క్యాన్సర్లలో దాని వాటా 5 శాతం లోపే. అరుదు కావడం మంచిదే. చిక్కల్లా, అరుదు కాబట్టే అది ముందుగా ఎవరికీ గుర్తుకు రాదు.

చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినం వంపులోనే జీర్ణరసాలు తయారుచేసే గ్రంథి పాంక్రియాస్ (క్లోమం) తల ఒదిగి ఉంటుంది. పాంక్రియాస్ నాళం, పిత్తనాళం రెండూ ఆంపుల్లా అనే చోట పేగులోకి తెరుచుకుంటాయి. అక్కడ చిన్న గడ్డ మొలిచినా దారి మూసుకుపోవచ్చు. పిత్తం ఆగితే కామెర్లు, పాంక్రియాస్ రసం ఆగితే పాంక్రియాటైటిస్, అంటే ఆ గ్రంథి వాపు. కామెర్లు ఒక్కోసారి వాటంతటవే తగ్గి మళ్లీ వస్తాయి. తగ్గినప్పుడు జబ్బు నయమైందనుకుంటారు, అదే ప్రమాదం.

పాంక్రియాటైటిస్ అనగానే పిత్తాశయంలో రాళ్లు, మద్యం వైపు చూడటం సబబే, ఎక్కువ కేసులకు కారణం అవే. అవి కాకపోతే ట్రైగ్లిజరైడ్లు, కాల్షియం, వాడే మందులు చూస్తారు. అవీ కాదంటే 'కారణం తెలియదు' అని రాసి ఫైలు మూసేయడం మీదే నా అభ్యంతరం. నడివయసు దాటినవారికి జబ్బు మళ్లీ మళ్లీ వస్తుంటే, ఆంపుల్లాను ఎవరైనా సరిగ్గా చూశారా అని అడగాలి. ఎండోస్కోపీ నార్మల్ అన్నారుగా అంటారా? మామూలు స్కోప్ ఎదురుగా చూస్తుంది, ఆంపుల్లా ఉండేది పక్క గోడకు. పక్కకు చూసే స్కోప్ వేరే ఉంది. సీటీకి దొరకని చిన్న గడ్డలు ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌లో బయటపడొచ్చు. వంశపారంపర్యంగా పెద్దపేగు నిండా పాలిప్స్ (లోపలి పొర మీద మొలిచే చిన్న గడ్డలు) వచ్చే ఎఫ్ఏపీ ఉన్నవారికైతే లక్షణాలు లేకపోయినా డుయోడినంపై నిఘా తప్పదు. పెద్దపేగు తీసేశాక కూడా డుయోడినంలో గడ్డలు వచ్చే ముప్పు మిగిలే ఉంటుంది.

క్యాన్సర్‌గా మారని గడ్డను చాలాసార్లు ఎండోస్కోపీతోనే తీయొచ్చు. క్యాన్సరైతే, ఆపరేషన్‌కు వీలుంటే, సాధారణంగా విపుల్ సర్జరీయే, అంటే పాంక్రియాస్ తలను, డుయోడినంను తీసేసి, మిగిలిన పాంక్రియాస్‌ను పేగుకు కలిపి కుట్టడం. ఇక్కడో విచిత్రం: పాంక్రియాస్ క్యాన్సర్‌లో ఆ గ్రంథి తరచూ గట్టిపడి ఉంటుంది, కుట్లు నిలుస్తాయి. డుయోడినం గడ్డల్లో అది మెత్తగా, నాళం సన్నగా ఉండటం ఎక్కువ. అందుకే కుట్టు దగ్గర రసం లీకయ్యే ముప్పూ ఎక్కువే.

ఆపరేషన్ తర్వాత బరువు తగ్గుతుంటే క్యాన్సర్ తిరిగొచ్చిందేమోనని టెన్షన్ పడతారు. స్కాన్ చేయించాల్సిందే. దాంతోపాటు మలం జిడ్డుగా తేలుతోందా అని కూడా డాక్టర్ అడగాలి. పాంక్రియాస్ ఎంజైములు చాలకపోయినా అలాగే చిక్కిపోతారు. దానికి మందు ఎంజైమ్ క్యాప్సూల్సే, అదీ భోజనంతో పాటు వేసుకుంటేనే పనిచేస్తాయి.