ఏడో పీరియడ్ గారికి ఒక విన్నపం

గౌరవనీయులైన ఆటల పీరియడ్ గారికి,
సోమ, శుక్రవారాల ఏడో గడి,
టైమ్ టేబుల్ చార్టు, ప్రధానోపాధ్యాయుల గది గోడ.

మీ వ్యాయామ ఉపాధ్యాయుడు నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరమూ క్షేమం. మీరు నిన్న మధ్యాహ్నం మళ్లీ కనిపించకుండా పోయారు కాబట్టి, మీ క్షేమసమాచారం వీలైనంత త్వరగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

నిన్న ఆగస్టు 29. ధ్యాన్‌చంద్ పుట్టినరోజును దేశమంతా జాతీయ క్రీడా దినోత్సవంగా జరుపుకునే రోజున, ఆటల పీరియడ్‌ను రద్దు చేసి మరీ ఆటల గొప్పతనం మీద ఉపన్యాసం పెట్టించిన ఘనత మన బడికి దక్కింది. మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్లు మంగళవారం. అండర్-17 బాలికల కబడ్డీ జట్టు భోజనం ముగించిన వెంటనే కోర్టులో రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, ముగ్గుపిండితో గీతలు గీసి, మీ గంట కోసం ఎదురుచూసింది. గంట మోగింది. దాని వెనకే, అందరూ హాల్లోకి రావాలన్న కబురూ వచ్చింది. పట్నం నుంచి ఎవరో ప్రేరణ కలిగించే వక్త వచ్చారట.

ఆయన గంటా పది నిమిషాలు మాట్లాడారు. కళ్లు మూసుకుని మెడలో పతకం ఉన్నట్లు ఊహించుకోమన్నారు, పిల్లలు ఊహించుకున్నారు. పిడికిలి బిగించి గెలుస్తామని మూడుసార్లు అరవమన్నారు, అరిచారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి ఫొటోను తెర మీద చూపించారు. ఆ పతకానికి ముందు ఆమె ఎన్నేళ్లపాటు రోజూ బరువులెత్తిందో మాత్రం చెప్పలేదు. చివరికి మా జట్టును ప్రత్యేకంగా నిలబెట్టి, వచ్చే ఒలింపిక్స్‌లో కబడ్డీ స్వర్ణం మీరే తేవాలని ఆశీర్వదించారు. ఒలింపిక్స్‌లో కబడ్డీ లేదని తెలిసిన పన్నెండు మంది పిల్లలూ తలలు వంచుకుని పెదవులు కొరుక్కున్నారే తప్ప ఒక్కరూ నవ్వలేదు. కిటికీలోంచి చూస్తే, గీసిన గీతల మీద మేకలు తిరుగుతున్నాయి.

ఆ వక్త మీద నాకు కోపం లేదు. పిలిచారు, వచ్చారు, శాలువా కప్పించుకుని వెళ్లారు. ఆయన రాగానే మీరెందుకు లేచి కుర్చీ ఇచ్చారన్నదే నా ప్రశ్న. మెత్తనివాణ్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు. సుద్దముక్క పట్టుకుని ఎవరు గుమ్మంలో నిలబడినా మీరు లేచి దారి ఇస్తారు. జూన్ 12న బడి తెరిచినప్పటి నుంచి మీరు 22 సార్లు రావాలి. నా డైరీ ప్రకారం మైదానంలో మీ మొహం చూసింది 9 సార్లు. తక్కిన 13లో గణితం 5, భౌతికశాస్త్రం 3 చేబదులు పట్టుకెళ్లాయి. పరీక్షలు 2, పంద్రాగస్టు కవాతు రిహార్సల్ 1, వాన 1, ప్రేరణ 1. వానను క్షమిస్తున్నాను, అది కనీసం "పది నిమిషాల్లో వదిలేస్తాను సార్" అని చెప్పి రాలేదు. చేబదులు అన్నాక ఎప్పుడో ఒకప్పుడు తిరిగి రావాలి. గణితం పీరియడ్ ఒక్కటైనా ఆటలకు తిరిగివచ్చిన దాఖలా నా పదిహేడేళ్ల సర్వీసులో లేదు.

పరుగుపందెం పిల్లయితే మీరు లేకున్నా తెల్లవారుజామున చెరువుకట్ట మీద పరిగెత్తుకుంటుంది. కబడ్డీలో కూతకు వెళ్లే రైడర్ కూడా వాకిట్లో తమ్ముణ్ని ఎదురుగా నిలబెట్టుకుని అడుగులు సాధన చేసుకోగలదు. రైడర్‌ను పట్టడానికి చేతులు పట్టుకుని నిలబడే చైన్ అలా కాదు. రైడర్ బోనస్ గీత వైపు కాలు చాచిన క్షణంలో చివరన నిలబడ్డ కార్నర్ పిల్ల మడమ అందుకోవాలి. ఆమె చేయి పట్టుకుని ఉన్న పిల్ల ఆ చేతిని ఎప్పుడు వదిలి నడుము మీదికి వెళ్లాలో, అవతలి జంట ఎప్పుడు మూసుకురావాలో అరిచి చెప్పే వ్యవధి ఎవరికీ ఉండదు. రైడ్ మొత్తం 30 సెకన్లు, పట్టు తేలిపోయేది రెప్పపాటులో. అర క్షణం తొందరపడితే ఒక పాయింటు పోవలసిన చోట మూడు పోతాయి, అర క్షణం ఆలస్యమైతే రైడర్ మధ్యగీతను తాకి నవ్వుతూ లేస్తుంది. పక్కపిల్ల వేళ్లు బిగుసుకున్న తీరును బట్టే ఆమె కదలబోతోందని తెలియాలి. వందసార్లు పట్టబోయి, తొంభైసార్లు జారవిడిచి నేర్చుకునే విద్య ఇది, అదీ ఏడుగురూ ఒకచోట ఉన్నప్పుడు.

మా పిల్లలవి ఐదు ఊళ్లు. ఉదయం బస్సు మొదటి గంటకు దింపుతుంది, సాయంత్రం బస్సు చివరి గంట కోసం కాచుకుని ఉంటుంది, దాని తర్వాతి బస్సుకు ఆడపిల్లను ఏ తల్లీ ఒప్పుకోదు. ఏడుగురి చేతులూ కలిసేది వారంలో మీ రెండు గడుల్లోనే. ఆ నలభై నిమిషాల్లో బట్టలు మార్చుకోవడం, ఒళ్లు వేడెక్కించుకోవడం పోగా చైన్‌కు మిగిలేది ఇరవై ఐదు.

ఇంతలోనే వాళ్లు ఎన్ని అలవాట్లు చేసుకున్నారో మీరు చూసి ఉంటే బాగుండేది. సోమవారం గోళ్ల తనిఖీ కెప్టెనే చేస్తుంది. మూడు జతల మోకాలి క్యాపులు వంతులవారీగా పన్నెండు మందికీ తిరుగుతాయి. పట్టు జారవిడిచినదాన్ని ఎవరూ ఏమీ అనరు. అన్న పిల్లే బిందె నీళ్లు మోయాలన్నది వాళ్లు పెట్టుకున్న శిక్ష. జూలైలో నాట్ల రోజుల్లో రైట్ కార్నర్ పిల్ల కూలి మానుకుని బడికి వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే, "నేను రాకపోతే ఆరుగురే అవుతారు సార్" అంది. నిన్న ఆ పిల్లను మూడో వరసలో కూర్చోబెట్టి ప్రేరణ కలిగించారు.

2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా క్రీడల ఫైనల్లో మన మహిళలు చైనీస్ తైపీని 26–25తో ఓడించి స్వర్ణం గెలిచారు. ఆ ఒక్క పాయింటు వెనక ఎన్ని మధ్యాహ్నాలు ఉంటాయో హాల్లో చెబుదామనుకున్నాను. నాకు వందన సమర్పణ ఇచ్చారు.

మిగతా ఇబ్బందులను మీ మీద రుద్దను. ఉన్నత పాఠశాలకు ఏడాదికి 25 వేల రూపాయల వరకు క్రీడా నిధి ఇవ్వవచ్చని సమగ్ర శిక్ష పథకం నిబంధనలు చెబుతాయి. అందులోని "వరకు" అనే మాటతో మాకు మంచి పరిచయం ఉంది. చదువుకూ ఆటపాటలకూ మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం ప్రకటించింది. గోడ పోయిన మాట వాస్తవమే, అటు నుంచి గణితం నడిచి వచ్చింది.

ఇంతవరకూ మీరు అన్నాను, ఇక నా వల్ల కాదు. నీకు రోషమనేది లేదా? వరంగల్ జిల్లా కల్లెడలో జీవాంజి దీప్తి పరుగును మొదట గుర్తుపట్టింది ఒక బడి వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ పిల్ల 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం గెలిచింది. ఆ పూట ఆయన్ను ఏ ఇన్విజిలేషన్‌కో పంపి ఉంటే ఆ పరుగును ఎవరు చూసేవారు? అందరికీ అలుసైపోయి, ఒక్కసారైనా కుదరదని చెప్పలేక, నా పిల్లల చేతుల మధ్య నుంచి జారుకుంటున్నావు. కుదరదని చెప్పవలసింది నేనే కదా అంటావేమో. నిజమే. ఆ పదమూడింటిలో ఎనిమిదింటికి సరేనన్నది నేనే. పదో తరగతి ఫలితాల రోజున ఉత్తీర్ణత తగ్గితే, ఆటలకు వదలడం వల్లే అనే మాట నా నెత్తిన పడుతుందని భయపడి, గుమ్మంలో నిలబడ్డవాళ్లకు నవ్వుతూ దారి ఇచ్చాను. మనిద్దరిదీ ఒకటే జబ్బు.

నిన్న సాయంత్రం ఇంటికి వెళ్తూ చూశాను. బస్టాపు రేకుల షెడ్డు కింద సంచులన్నీ ఒక మూల పడేసి, ఏడుగురూ చేతులు పట్టుకుని నెలవంకలా నిలబడి ఉన్నారు. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు రైడర్, చెప్పుల వరస మధ్యగీత. నేలంతా కంకర కాబట్టి పడేయడం లేదు, మూసుకొచ్చి భుజం మీద చేయి వేసి వదిలేస్తున్నారు. బస్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. నువ్వు ఎగ్గొట్టిన ఇరవై ఐదులో ఇరవై అదే తీర్చింది. బస్సు కదిలాక కూడా కిటికీ పక్క సీటులో ఇద్దరు చేతులు పట్టుకుని, ఎప్పుడు వదలాలో వాదించుకుంటూనే ఉన్నారు.

సోమవారం ఏడో గంటకు ముగ్గుపిండి పట్టుకుని కోర్టు దగ్గర ఉంటాను. గణితం సారు ఇప్పటికే అడిగారు. లేదన్నాను. ఆయన నవ్వారు, పదిహేడేళ్లలో ఆ మాట వినడం ఆయనకూ మొదటిసారి. ఆయన హెచ్‌ఎం గారి గదికి చేరేలోపు నువ్వు మైదానానికి చేరుకో.

ఇట్లు,
నీ డ్రిల్లు మాస్టారు.

తా.క.: ఈ ఉత్తరాన్ని ఎనిమిదో తరగతి గదిలో కూర్చుని రాస్తున్నాను. తెలుగు మేడమ్ సెలవులో ఉన్నందున ఆమె పీరియడ్‌కు నన్ను పంపారు. పిల్లలను బయటికి తీసుకెళ్లవద్దని, అల్లరి చేయకుండా కూర్చోబెడితే చాలని చెప్పారు.